ఛార్టులో అందరికీ 20 రాయొద్దు

చాలా వార్డుల్లో ఛార్టు తిరగేస్తే, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీశారో నర్సులం రాసే గడిలో పొద్దున 20, మధ్యాహ్నం 20, రాత్రి 20 ఉంటుంది. బీపీ, ఆక్సిజన్ మానిటర్ చూపిస్తుంది. ఊపిరి మాత్రం మనం నిలబడి లెక్కపెట్టాలి, అందుకే పని ఒత్తిడిలో ముందు వదిలేసేది దాన్నే. పేషెంట్ దిగజారేటప్పుడు చాలాసార్లు ముందు మారేదీ అదే. ఇన్ఫెక్షన్ ముదిరి రక్తంలో ఆమ్లం పెరిగితే, దాన్ని సరిచేసుకోవడానికి ఒళ్ళు ఊపిరి వేగం పెంచుతుంది. అప్పటికింకా బీపీ 120/80, ఆక్సిజన్ 97 ఉండొచ్చు.

నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, ఛాతీ కదలికను పూర్తి 60 సెకన్లు చూడాలి. ఊపిరి లెక్కపెడుతున్నామని చెబితే తెలియకుండానే మార్చేస్తారు. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఒక్క ఊపిరి తప్పు నాలుగవుతుంది. పెద్దవాళ్ళకి 12 నుంచి 20 మామూలు. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సవరించిన న్యూస్2 అనే స్కోరు పేషెంట్ దిగజారుతున్నాడేమో చెబుతుంది, పాయింట్లు పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ. అందులో ఊపిరి 21–24 ఉంటే 2, 25 నుంచి పైకి ఉన్నా, 8 లేదా అంతకన్నా తగ్గినా 3. కొత్తగా వచ్చిన తికమకకీ 3.

ఆపరేషన్ తర్వాత మార్ఫిన్ (ఊపిరిని నెమ్మది చేసే నొప్పి మందు) మీద ఉన్నవాళ్ళ దగ్గర మరీ జాగ్రత్త. ఆక్సిజన్ పెట్టి ఉంటే మానిటర్ 98 చూపిస్తూనే ఉంటుంది, లోపల ఊపిరి 8కి పడిపోయి కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంటుంది. మగతగా ఉన్న మనిషిని "నిద్రపోతున్నారులే" అని వదిలేయకూడదు, పిలిచి లేపి చూడాలి.

చెన్నై ఆసుపత్రులకి నెల్లూరు, తిరుపతి, చిత్తూరు నుంచి వచ్చే పెద్దవాళ్ళకి తమిళం అంతగా రాదు. ఏది అడిగినా తలూపేస్తారు. తెలుగులో "ఆయాసంగా ఉందా?" అన్నా, "లేదమ్మా, బానే ఉంది" అనేవాళ్ళే ఎక్కువ. అందుకని ఇలా అడగాలి: "రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకున్నారు? బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చేటప్పుడు మధ్యలో ఆగారా? పొద్దున ఏం తిన్నారు పెద్దాయనా?" ఇడ్లీ, చట్నీ అని చెప్పేలోపే ఊపిరి కోసం ఆగితే మనకి జవాబు దొరికినట్టే. పేషెంట్ తాలూకువాళ్ళు "నిన్నటిలా లేరండీ" అంటే ఆ మాటని అలాగే టైముతో రాయాలి. పక్కనే ఉండే భార్యకి కనిపించే తేడా మానిటర్‌కి కనిపించదు.

డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి "కొంచెం బాలేరు సార్" అంటే పని జరగదు. ఇలా చెప్పాలి: "సార్, 14వ బెడ్, 62 ఏళ్ళు, 60 కేజీలు, పెద్దపేగు ఆపరేషన్ అయి రెండో రోజు. పదింటికి ఊపిరి 18, ఇప్పుడు 26. నాడి 112, బీపీ 118/70, ఆక్సిజన్ లేకుండా 95. నాలుగు గంటల్లో యూరిన్ 80 ఎంఎల్. ఇన్ఫెక్షన్ అనిపిస్తోంది, ఇప్పుడే వచ్చి చూడాలి." గంటకి కేజీకి 0.5 ఎంఎల్ లెక్కన 120 రావాలి కాబట్టి ఆ 80 కూడా ముఖ్యమే.

ఆయన వచ్చేలోపు, బీపీ పడిపోకపోతే తలవైపు ఎత్తాలి. ఐవీ లైన్ పనిచేస్తోందో లేదో చూడాలి. సీఓపీడీ (ఏళ్ళ తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు) ఉండి కార్బన్ డయాక్సైడ్ పేరుకునే అవకాశం ఉన్నవాళ్ళకి ఆక్సిజన్ 88–92 మధ్య చాలు. "డాక్టర్‌గారు వస్తున్నారు, నేనిక్కడే ఉన్నా" అని తెలుగులో ఒక మాట చెప్పాలి, భయం తగ్గితే ఊపిరీ కొంత కుదుటపడుతుంది. ఫోన్ చేసిన టైము రాసి, ఆలస్యమైతే పైడాక్టర్‌కి చెయ్యాలి.