ఎనిమిదితో గుణించడం మరిచాను

ఒక యూనివర్సిటీ డిగ్రీ రిజల్ట్స్ పెట్టే వెబ్ అప్లికేషన్‌ని మా చిన్న కంపెనీ చేసింది. సర్వర్ వాళ్ల కంప్యూటర్ సెంటర్లోనే. "మాకు 100 ఎంబీపీఎస్ లీజ్డ్ ఇంటర్నెట్ లైన్ ఉందండీ, సరిపోతుందా?" అని అక్కడి సార్ అడిగారు. లెక్క నా నెత్తిన పడింది.

మొత్తం విద్యార్థులు 60 వేలు. అందరూ ఒక్కసారే రారు. పోయినసారి సర్వర్ లాగ్స్ తిరగేస్తే మొదటి పది నిమిషాల్లో 20 వేల మంది దాకా తెరిచారు. క్రోమ్‌లో ఎంత డేటా దిగుతుందో చూపే నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, క్యాష్ (బ్రౌజర్ ముందే దాచుకున్న ఫైళ్లు) ఆపి చూస్తే రిజల్ట్స్ పేజీ 2 ఎంబీ ఉంది. 20 వేలను 2తో గుణించి 600 సెకన్లతో భాగించాను. 67 వచ్చింది. వందలో అరవై ఏడే కదా అని మెయిల్ కొట్టేశాను.

సాయంత్రం మా సీనియర్ ఆ మెయిల్ చూసి, "తమ్ముడూ, నీ 67 మెగాబైట్లు. వాళ్ల 100 మెగాబిట్లు" అన్నారు. బైటుకి ఎనిమిది బిట్లు. అంటే 533 ఎంబీపీఎస్! ఇంజనీరింగ్ మొదటి ఏడాది పాఠం ఇది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

లైన్ పెంచమని అడిగే ముందు పేజీని విప్పి చూశాను. మార్కుల పట్టిక మొత్తం 15 కేబీ. పైనున్న క్యాంపస్ ఫొటో ఒక్కటే 1.6 ఎంబీ! కెమెరాలోంచి తీసింది తీసినట్టే ఎక్కించారు. దాన్ని కుదించి వెబ్‌పీ అనే తేలికైన ఫొటో ఫార్మాట్‌లోకి మార్చి, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్లను కుదించే జీజిప్ పెట్టాక పేజీ 150 కేబీకి దిగింది. ఇప్పుడు 40 ఎంబీపీఎస్.

"ఆ పది నిమిషాలూ సమానంగా వస్తారా?" అన్నారు సీనియర్. మళ్లీ టెన్షన్. లాగ్స్‌లో మొదటి నిమిషంలోనే 5 వేల మంది ఉన్నారు. ఆ లెక్కన సరిగ్గా 100 ఎంబీపీఎస్, లైన్ నిండిపోతుంది. పైగా అదే లైన్ మీద ల్యాబులు కూడా నడుస్తాయి. ఇక ఫొటో, ఫాంట్లు, స్క్రిప్టులు అన్నీ సీడీఎన్‌కి, అంటే ఫైళ్లను తన సర్వర్ల నుంచే పంచే బయటి సేవకి పంపేశాం. మా లైన్ మీద మిగిలింది 15 కేబీ పట్టిక. నిమిషానికి 5 వేల మందికి 10 ఎంబీపీఎస్ చాలు. రిజల్ట్ రాకపోతే మన పిల్లలు ఊరుకుంటారా, రిఫ్రెష్ కొడుతూనే ఉంటారు. అందుకని మూడింతలు చేసి 30 అని రాసిచ్చాను.

రిజల్ట్స్ రోజు లైన్ వాడకం గ్రాఫ్ 34 ఎంబీపీఎస్ దగ్గర ఆగింది. సైట్ మాత్రం రెండు నిమిషాలు కదల్లేదు. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో ఒకేసారి ఉండే కనెక్షన్ల పరిమితి డీఫాల్ట్‌గా 100 ఉంటుంది, దాన్ని నేను ముట్టుకోనేలేదు.