వెన్నెల్లో ట్రూకాలర్

అందరూ పడుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండి నిద్ర పట్టట్లేదు.

యండమూరి వీరేంద్రనాథ్ నవల "వెన్నెల్లో ఆడపిల్ల" ఇన్నేళ్ళు చదవకుండా ఎలా ఉన్నావే అని చెల్లి పుస్తకం బలవంతంగా చేతిలో పెట్టి వెళ్ళింది. ఎలా ఉన్నానంటే, ఆయనే రాసిన తులసిదళం వల్ల ఉన్నాను. అమ్మమ్మ వాళ్ళింట్లో ఆ సీరియల్‌ని పిన్ని ఆంధ్రభూమి వీక్లీలోంచి చింపి, మైదా జిగురు పెట్టి, దారంతో కుట్టి దాచుకుంది. ఒక పేజీలో పసిపిల్ల మీద చేతబడి, వెనక పేజీలో ఏవో సగం తెగిన జోకులు. వేసవి సెలవుల్లో పెద్దవాళ్ళు కునుకు తీస్తుంటే మంచం కింద దూరి చదివాను. ఆ రాత్రి నుంచి పెరట్లోకి ఒక్కదాన్నీ వెళ్తే ఒట్టు! పెరట్లో ఉన్నది తులసికోటే మరి. అమ్మమ్మ దీపం పెట్టి రమ్మంటే కడుపునొప్పి అనేదాన్ని. పిన్నికి విషయం అర్థమై, ఎవరికీ చెప్పకుండా తనే వెళ్ళి పెట్టి వచ్చేది. తర్వాత అద్దె పుస్తకాల షాపులో యండమూరి పేరు కనిపిస్తే పక్క అరకి జరిగిపోయేదాన్ని.

మా ఆయనకేమో యండమూరి "విజయానికి అయిదు మెట్లు" మనిషి. బీరువాలో ఇప్పటికీ ఉంది, ఎన్ని మెట్లు ఎక్కారో మీకు తెలుసు. మా ఇద్దరి లెక్కలోనూ ఆ చార్టర్డ్ అకౌంటెంటు గారికి ప్రేమతో ఏ సంబంధమూ లేదు.

కథ చాలామందికి తెలిసిందే. చదవనివాళ్ళు ఇక్కడ ఆపేయండి. రేవంత్ చదరంగం ఆటగాడు. ఒకమ్మాయి ఫోన్ చేస్తుంది, మాటలు కలుస్తాయి, నేనెవరో కనుక్కో అని పందెం కడుతుంది. నేను అన్నం కూడా అక్కడే కూర్చుని తిన్నాను. మా ఆయన కథేంటి అంటే ఉత్సాహంగా చెప్పాను కదా, ఈ మహానుభావుడు టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా "ట్రూకాలర్‌లో చూస్తే అయిపోయేదిగా" అన్నారు. అంతే. ఇక మిగతా పుస్తకం చదువుతున్నంతసేపూ ఆ మాటే చెవిలో. అతను తల బద్దలు కొట్టుకుంటుంటాడు, నాకు ట్రూకాలర్. ఆమె నవ్వుతుంది, నాకు ట్రూకాలర్. నంబరు లేకుండా గొంతు మాత్రమే వచ్చే రోజుల్లో ఆ గొంతు కోసం మనిషి ఎంత దూరం వెళ్ళేవాడో ఈయనకి ఎలా చెప్పాలి? పెళ్ళికి ముందు ఎస్టీడీ బూత్‌లో మీటర్ చూసుకుంటూ మాట్లాడిన మనిషే!

సగం దాకా ఆ అమ్మాయి మీద కూడా కోపమే. ఇష్టమైతే పేరు చెప్పొచ్చుగా, మగవాడిని పరీక్షలు పెట్టి తిప్పడం ఏమిటి? పైగా గడువొకటి. ఇది ప్రేమకథా, డిటెక్టివ్ కథా? యండమూరి మారలేదు, చీకట్లో కనపడనిదాన్ని పెట్టి మనల్ని పరిగెత్తించడం మానలేదు, దెయ్యం స్థానంలో ఫోన్ పెట్టారంతే అని చెల్లికి మెసేజ్ కూడా పెట్టాను.

చివరికొచ్చాక ఆ మెసేజ్ తీసేశాను. గడువు అతనికి కాదు, ఆమెకి. తన దగ్గర ఎంత సమయం ఉందో తెలిసిన పిల్ల, దాన్ని ఆటగా మార్చి అతనికిచ్చింది. మొహం చూపిస్తే జాలి వస్తుంది, గొంతయితే ప్రేమే వస్తుంది అనుకుందేమో. 1995లో సునీల్ కుమార్ దేశాయ్ దీన్ని కన్నడంలో "బెళదింగళ బాలె" సినిమాగా తీసినప్పుడు అమ్మాయి మొహం చూపించలేదు. మంచి పని చేశారు.

అయినా జబ్బెందుకండీ? మన ప్రేమకథల్లో బాగా మాట్లాడే ఆడపిల్ల కనిపిస్తే చాలు, రచయితలకి డాక్టర్ రిపోర్టు గుర్తొస్తుంది. బతికుండి, పెళ్ళయి, టీవీ ముందు కూర్చున్న రేవంత్‌తో వేగితే అప్పుడు తెలిసేది. ఏడుస్తూనే తిట్టుకున్నాను. ఇప్పుడూ తిడుతున్నాను.

యండమూరిదే ఇంకో నవల "ఆనందోబ్రహ్మ" పంపిస్తానంది చెల్లి. అందులో ఎవరైనా పోతారేమో ముందే చెప్పవే అన్నాను. చెప్పనంది.