మ్యాచ్ రేస్ అంపైరింగ్: మూడో నెల

కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్ దగ్గర చిన్న క్లబ్ తెరచాప పడవల పోటీలకు ట్రైనీ అంపైర్‌గా వెళ్లడం మొదలుపెట్టి మూడు నెలలైంది. ఈ పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఊరు నాకు దొరకదు. 1965లో కాంగ్రెషనల్ కప్ అనే మ్యాచ్ రేస్ పోటీ మొదలైంది ఇక్కడే. అంపైర్లు పడవలో వెంట తిరుగుతూ నీళ్ల మీదే తీర్పు చెప్పే పద్ధతి 1988లో ఆ పోటీలోనే వచ్చింది.

హుస్సేన్ సాగర్‌లో లేజర్ (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) నడిపే రోజుల్లో ‘ప్రొటెస్ట్’ అని అరిచి, ఒడ్డుకొచ్చాక కాగితం రాసిచ్చి, సాయంత్రం కమిటీ ముందు వాదించుకునేవాళ్లం. మ్యాచ్ రేస్‌లో ఉండేవి రెండే పడవలు, ఒకటి నీలం, ఒకటి పసుపు. ఎవరికైనా అన్యాయం జరిగిందనిపిస్తే పసుపు, ఎరుపు చారల ‘వై’ జెండా ఎత్తుతారు. కొన్ని క్షణాల్లోనే మేం జవాబివ్వాలి. ఆకుపచ్చ-తెలుపు జెండా ఎత్తితే పెనాల్టీ లేదని. నీలమో పసుపో ఎత్తితే ఆ రంగు పడవకు పెనాల్టీ. దాంతో పాటు ఎరుపు కూడా ఎత్తితే ఆ పెనాల్టీ వెంటనే తీర్చుకోవాలి. నలుపు ఎత్తితే ఆ పడవ మ్యాచ్ అక్కడితో అయిపోయినట్టే.

జెండాలు తడుముకోకుండా ఉండాలని పీవీసీ గొట్టాల్లో గుచ్చి పెట్టుకున్నాను. నీలం ఎడమ చేతికి, పసుపు కుడి చేతికి. స్టార్ట్ ముందు నీలం పడవ లైన్ ఎడమ చివర నుంచి, పసుపు కుడి చివర నుంచి వస్తాయి కాబట్టి ఈ వరస బుర్రలో ఇట్టే నిలిచిపోయింది. కుడి నుంచి వచ్చే పసుపు స్టార్‌బోర్డ్ టాక్‌లో ఉంటుంది (గాలి పడవకు కుడివైపు నుంచి తగులుతుంది, ఎడమవైపు నుంచైతే పోర్ట్), అంటే మొదటిసారి ఎదురుపడ్డప్పుడు దారి హక్కు దానిదే, నీలం తప్పుకోవాలి.

మా అంపైర్ పడవలో ఇద్దరం. ఒకరు నీలం, ఒకరు పసుపు. ఎవరి పడవ తరఫున వాళ్లు ‘నేను’ అంటూ ఆపకుండా మాట్లాడుతూనే ఉండాలి: ‘నేను పోర్ట్, తప్పుకుంటున్నాను’, ‘నేను స్టార్‌బోర్డ్, హక్కు నాది’ అని. మొదట్లో ఇదంతా నాటకంలా అనిపించింది. దీని విలువ పోయిన ఆదివారం తెలిసింది.

మూడో మ్యాచ్. స్టార్ట్‌కి ఇంకా నిమిషంన్నర ఉంది. రెండూ స్టార్‌బోర్డ్ టాక్‌లోనే ఉన్నాయి, నీలం ముందు, పసుపు వెనక. నేను నీలం, మా సీనియర్ పసుపు. ‘వెనకున్నాను, తప్పుకుంటున్నాను’ అంటోంది ఆవిడ. అంతలో పసుపు వచ్చి నీలానికి గాలి కిందివైపు (గాలి వెళ్లే వైపు) ముక్కు దూర్చింది. ‘ఓవర్‌లాప్. హక్కు నాది’ అందావిడ. అంటే రెండు పడవలూ కొంత మేర పక్కపక్కకు వచ్చాయి, గాలి కిందివైపున్న పసుపుకు హక్కు వచ్చింది. ఆ వెంటనే పసుపు గాలివైపు తిరిగింది. నీలం స్కిప్పర్ కూడా తిప్పాడు. పడవ ముక్కు గాలివైపు వెళ్తే వెనక భాగం అవతలివైపు ఊగుతుంది. ఆ మూల పసుపు ముక్కుకు టక్కున తగిలింది. వెంటనే రెండు ‘వై’ జెండాలూ లేచాయి.

వెనక నుంచి వచ్చి కొత్తగా హక్కు సంపాదించిన పడవ, అవతలి పడవ తప్పుకోవడానికి మొదట్లో చోటివ్వాలి. నీలం ఆలస్యం చేయకుండా తప్పుకోబోయిందా అన్నదే ప్రశ్న. అది చెప్పాల్సింది నేను. సరిగ్గా ఆ రెండు సెకన్లు నోరు మెదపకుండా చూస్తూ ఉండిపోయాను. ఆవిడ అడిగితే ‘వెంటనే తిప్పాడనుకుంటా’ అన్నాను. ‘అనుకుంటా’ మీద పెనాల్టీ వేయలేం. ఆకుపచ్చ-తెలుపు ఎత్తాం. మధ్యాహ్నం నీలం స్కిప్పర్ వచ్చి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ మ్యాచ్ అతను ఓడిపోయాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి రోజూ ఇరవై నిమిషాలు రేసు వీడియోలు సౌండ్ ఆపేసి పెట్టుకుని పైకి చెప్తూ చూస్తున్నాను, అదీ తెలుగులోనే. మనసులో ఆలోచన పుట్టేది ఆ భాషలోనే కదా, ముందు అందులో నోరు తిరగాలి. మా అమ్మాయి పసుపు. ‘నాన్నా, టాక్ చేస్తున్నావు, ఇప్పుడు నీకు హక్కు లేదు’ అని నాకంటే ముందే పట్టేస్తుంది (టాక్ చేయడమంటే పడవ ముక్కు గాలిని దాటేలా తిప్పడం).

అంతకు ముందు నుంచే చేస్తున్న ఇంకో సాధన మార్క్ జోన్ మీద, అంటే పడవలు చుట్టి రావాల్సిన గుర్తు (మార్క్) చుట్టూ ఉండే ప్రాంతం మీద. చాలా పడవలు కలిసి దిగే ఫ్లీట్ రేస్‌లో మామూలుగా మూడు పడవల పొడవైతే, ఇక్కడ రెండే. మా పడవలు 22 అడుగులవి, అంటే జోన్ 44 అడుగులు. అంత తాడు కొలిచి డాక్ మీద పరిచి, రకరకాల కోణాల నుంచి చూసి కంటికి అలవాటు చేసుకున్నాను. అంపైర్ పడవ జోన్ అంచుకు సరిగ్గా పక్కన ఉండాలి. వెనక నుంచి చూస్తే ఓవర్‌లాప్ ఉందో లేదో ఎవరికీ తెలియదు. అనుమానంగా ఉంటే, చివరిసారి కచ్చితంగా చూసిన స్థితే ఇంకా ఉందని లెక్క.

అదే ఆదివారం, ఆఖరి మ్యాచ్‌లో, గాలివాటున మార్క్ వైపు వస్తున్నారు. నేను మళ్లీ నీలమే. ‘వెనకున్నాను... వెనకున్నాను... వెనకున్నాను, జోన్’ అని ఆపకుండా చెప్పాను. జోన్ చేరేసరికి నీలం వెనకే ఉంది, కాబట్టి మార్క్ దగ్గర చోటు పసుపుది. నీలం ఓవర్‌లాప్ ఉందంటూ అరుస్తూ లోపలికి దూరింది. పసుపు మార్క్‌కు ఆనుకుని తిరగలేక బయటికి తప్పుకుని ‘వై’ ఎత్తింది. సీనియర్ నా మొహం చూసింది, అడగలేదు. పొడుగ్గా విజిల్ ఊది నీలం ఎత్తాను. నీలం జోన్ దాటాక, మార్క్ తర్వాతిది ఎదురుగాలి లెగ్ (రేసులో ఒక భాగం) కాబట్టి, జైబ్ చేసి (వెనక భాగం గాలిని దాటేలా తిప్పి) మళ్లీ గాలికి దగ్గరగా తిరిగి పెనాల్టీ తీర్చుకుంది. పెనాల్టీ తీరిందని నేను పొట్టిగా ఒక విజిల్ ఊదాను.

వచ్చే శనివారం పసుపు వైపు కూర్చోమన్నారు.