రాత్రి అది ఎక్కడ పడుకుంటుంది?

"వీధికుక్కకి ఇన్ని ప్రశ్నలేంటి మేడమ్? డబ్బులిచ్చి కొనుక్కుంటే ఎవరూ ఏమీ అడగరు."

వీధికుక్కలకి దత్తత ఇళ్లు వెతుకుతుంటాను నేను. కుక్కపిల్ల కావాలని సాయంత్రం ఫోన్ చేసిన ఒకాయన అన్న మాట ఇది. అన్నం తింటున్నా అదే, అంట్లు సర్దుతున్నా అదే. అమ్మ పడుకుంది, చిన్నోడు పడుకున్నాడు, ఇల్లు దొరికేదాకా మా దగ్గరున్న నల్లకుక్క కాటుక నా కుర్చీ కింద చేరింది. ఇది రాసేస్తే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు.

నిజానికి ఇవాళ మంచి రోజు. మా దగ్గరున్న కుక్కపిల్ల అప్పడం ఉప్పల్‌లో ఒకింటికి దత్తత వెళ్లిపోయాడు. ఆ ఇంటావిడ వచ్చేటప్పుడే ఛాతీకి వేసే హార్నెస్, మెడకి బెల్టు, రెండింటికీ వేర్వేరు తాళ్లు తెచ్చుకుంది. ఒకటి జారినా ఇంకోటి చేతిలో ఉంటుందని ఎవరూ చెప్పకుండానే తెలుసు ఆవిడకి. వాడికి 9 వారాలు, టీకా ఒక్క డోసే పడింది. 16 వారాలు నిండేదాకా 3, 4 వారాలకోటి చొప్పున పడాలి, 3 నెలలకి రేబీస్ టీకా, ఆ కోర్సు అయ్యేదాకా రోడ్డు మీద కాలు పెట్టనివ్వద్దు అని చెప్తుంటే, "చంకనేసుకుని తిప్పుతాలెండి, బళ్ల చప్పుడు అలవాటవ్వాలిగా" అంది. ఎంత హాయిగా అనిపించిందో. పిల్లకి లోకం అలవాటయ్యే వయసు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకానే. పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు) భయంతో ఆ రోజులన్నీ గదిలో పెట్టి పెంచితే, కుక్కర్ విజిల్‌కి కూడా మంచం కిందికి దూరే కుక్క తయారవుతుంది.

వాడు వెళ్లిన గంటకే ఈ ఫోను. మగ కుక్కపిల్ల కావాలన్నాడు. అప్పడం వెళ్లిపోయాడు, కాటుక ఉంది, ఏడాదిన్నర వయసు అన్నాను. "ఆడదా?" తర్వాత "నల్లదా?" ఆ తర్వాత "కాపలాకి పనికొస్తుందా?" సరే, ఓపిగ్గానే నా ప్రశ్నలు మొదలుపెట్టాను. పోయిన ఏడాదిలో మీ ఇంట్లో కుక్కపిల్ల ఏదైనా చనిపోయిందా అని అడిగేసరికి ఆయనకి కోపం వచ్చింది. ఇంటికి చావు అంటగట్టినట్టు విన్నాడు.

ఆ ప్రశ్న ఎందుకో చెప్తాను. పార్వోతో ఒక పిల్ల పోయిన ఇంట్లో ఆ వైరస్ నేల సందుల్లో, మట్టిలో నెలల తరబడి, ఒక్కోచోట ఏడాది దాకా బతికే ఉంటుంది. ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగాం అంటారు. ఫినాయిల్‌కి అది చావదు. ముందు మురికంతా సబ్బుతో కడిగి, తర్వాత లీటరు నీళ్లకి సుమారు 30 మి.లీ. లిక్విడ్ బ్లీచ్ కలిపి పోసి, 10 నిమిషాలు తడిగా ఉంచితే చస్తుంది. మట్టి పెరడుకి ఆ ఉపాయమూ లేదు. బురదలో బ్లీచ్ పనిచేయదు. అలాంటి ఇంటికి డోసులు పూర్తికాని పిల్లని ఇస్తే వారం తిరక్కుండా వాంతులు, నెత్తురు విరేచనాలు, సెలైన్. టీకాలన్నీ పడ్డ పెద్ద కుక్కనైతే నిశ్చింతగా ఇవ్వొచ్చు. అంటే ఆ ప్రశ్నకి అవునన్నా ఆయనకి కాటుకని ఇవ్వడానికి అడ్డేమీ లేదు. అది చెప్పేలోపే ఫోను పెట్టేశాడు.

రెండో ప్రశ్న: రెండేళ్లలో అమెరికా వెళ్లే ఆలోచన ఉందా? మన ఇళ్లలో ఇది అడక్కపోతే ఎలా? వీసా స్టాంపు పడిన వారానికి "మా లాబ్రడార్‌ని ఎవరైనా పెట్టుకుంటారా" అని మెసేజ్ వస్తుంది. తీసుకెళ్లలేరా అంటే తీసుకెళ్లొచ్చు, కానీ ముందునుంచి పని పెట్టుకోవాలి. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడికి వెళ్లే కుక్కకి 6 నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి. రేబీస్ ఎక్కువున్న దేశాల లిస్టులో మనమూ ఉన్నాం కాబట్టి ముందు చిప్, ఆ తర్వాతే రేబీస్ టీకా, ఆపైన 30 రోజులైనా ఆగి రక్తపరీక్ష, ఆ రక్తం తీశాక 28 రోజులు గడిస్తే గానీ విమానం ఎక్కించకూడదు. పరీక్ష రిపోర్టు లేకపోతే అక్కడ దిగాక 28 రోజుల క్వారంటైన్, ఖర్చు మనదే. టికెట్ కొన్నాక మొదలుపెడితే అయ్యే పని కాదిది. అందుకే ముందే అడగడం.

మూడోది, అద్దిల్లయితే ఓనరు సంతకం. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు కుక్కల్ని వద్దనకూడదనీ, జాతిని బట్టో సైజుని బట్టో నిషేధం పెట్టకూడదనీ, మొరుగుతోందని వెళ్లగొట్టకూడదనీ జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. కానీ ఓనరుతో గొడవపడి గెలిచేలోపు కుక్క ఎక్కడుంటుంది? ఒక కాగితం మీద రెండు లైన్లు రాయించుకుంటే ఆ పేచీ ఉండదు.

ఇక "ఆడదా" అన్న మాట. మా కాటుక ఎడమ చెవి కొసన చిన్న గాటు ఉంటుంది, ఆపరేషన్ అయిందని గుర్తు. దానికి పిల్లలు పుట్టే ప్రశ్నే లేదు. ఎదకి రాదు, వీధిలో మగకుక్కలు గేటు ముందు చేరవు, వయసు మీద పడ్డాక గర్భసంచిలో చీము పట్టే జబ్బు భయమూ లేదు. ఇవన్నీ చెప్పినా మగదే కావాలంటారు. కూరగాయల మార్కెట్ల వెనకా, చెత్తకుప్పల దగ్గరా అట్టపెట్టెల్లో దొరికే పిల్లల్ని ఎత్తి చూడండి, చాలాసార్లు అన్నీ ఆడవే. మగవాటిని అప్పటికే ఎవరో ఏరుకుపోయి ఉంటారు. ఇది నాకు ఎన్నేళ్లైనా మింగుడు పడదు.

"నల్లదా" అన్నదానికి మాత్రం సగం కారణం ఫోటో. నల్లకుక్కని ట్యూబ్‌లైటు కింద తీస్తే రెండు కళ్లున్న నీడలా పడుతుంది. పొద్దున 8 లోపు కిటికీ పక్కన కూర్చోబెట్టి, కింద లేత పసుపు దుప్పటి వేసి, ఫోన్లో దాని ముఖం మీద వేలు నొక్కి వెలుతురు కాస్త పెంచి తీయాలి. అప్పుడు కాటుక కనుబొమల దగ్గరి గోధుమ రంగు చుక్కలు, గడ్డం కింద నాలుగు తెల్ల వెంట్రుకలు కనిపిస్తాయి. ఆ ఫోటో పెట్టాకే ఫోన్లు రావడం మొదలైంది.

కాపలా అనగానే నాకు సాంబడనే కుక్క గుర్తొచ్చాడు. పాతవాళ్లకి తెలుసు వాణ్ణి, కొత్తవాళ్లకి చెప్పాలి. ఊరి చివర సొంతిల్లు, చుట్టూ ప్రహరీ, పెద్ద గేటు. ఎవరి దత్తత ఫారంలో రాసినా పదికి పది మార్కులొచ్చే ఇల్లు. ఎవరో మూడు నెలల పిల్లగా ఇచ్చారు. వచ్చిన రోజే నైలాన్ బెల్టు కట్టి, గొలుసు తగిలించి, బోరు మోటారు పక్కన పైపుకి కట్టేశారు. మూడు నెలలప్పటి మెడ ఆరేడు నెలలకి ఎంత లావెక్కుతుంది? బెల్టు మాత్రం పెరగదు కదా. మొదట వెంట్రుకలు రాలి, తర్వాత చర్మం ఒరుసుకుని, పుండై, ఆ పుండు మీదుగా కొత్త చర్మం పెరిగి బెల్టుని లోపలికి మింగేసింది. బయటికి బకిల్ ఒక్కటే కనిపించేది. కంపు కొడుతోందని స్నానం చేయించారట. తడి ఆరలేదు, ఈగలు వాలాయి, పురుగులు పట్టాయి. అప్పుడు ఎవరో టర్పెంటైన్ పోశారు. పచ్చి పుండు మీద టర్పెంటైన్ ఎంత మంటో చెప్పక్కర్లేదు, చర్మం కాలుతుంది, నాకితే కడుపులోకీ పోతుంది. దయచేసి ఎవరూ పోయకండి. అలాంటి పుండు కనిపిస్తే ఇంట్లో లాగడాలూ కోయడాలూ వద్దు. ఈగలు వాలకుండా శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మత్తిచ్చి, చుట్టూ వెంట్రుకలు గొరిగి, సెలైన్‌తో కడుగుతూ బెల్టుని ముక్కలు ముక్కలుగా తీయాలి, పురుగుల్ని ఒక్కొక్కటే ఏరాలి. ఆ తర్వాత వారాల తరబడి కట్లు.

ఆ ఇంట్లో వాడికి పూటపూటా తిండి పెట్టారు, నీళ్లు పెట్టారు. ఎవరూ కొట్టలేదు. ఎవరూ మెడ నిమరలేదు, అంతే. పిల్ల పెరుగుతున్నన్నాళ్లూ వారానికోసారి బెల్టు కింద రెండు వేళ్లు దూర్చి చూస్తే చాలు. వేళ్లు దూరకపోతే ఒక రంధ్రం వదులు చేయాలి.

సాంబడికి చివరికి దొరికిన ఇల్లేంటో తెలుసా? మణికొండలో అద్దెకున్న సింగిల్ బెడ్‌రూమ్. పెళ్లికాని కుర్రాడు, నైట్ షిఫ్టు. దత్తత ఇచ్చే మాలో చాలామంది మొదటి మెట్టు మీదే వెనక్కి పంపే రకం: సొంతిల్లు లేదు, పెళ్లి కాలేదు, రాత్రి ఉద్యోగం. కానీ ఆ అబ్బాయి ఓనరు సంతకం తెచ్చాడు, ఖమ్మంలో వాళ్లమ్మతో మాట్లాడించాడు, బాల్కనీ ఇనుప చువ్వల మధ్య ఖాళీకి కింద నుంచి మూడడుగుల ఎత్తు దాకా జాలీ కట్టి ఫోటో పంపాడు. సాంబడు రాత్రంతా ఆ అబ్బాయి పనిచేసుకునే టేబుల్ కింద, అతని పాదాల మీద తల పెట్టి పడుకుంటాడు. తెల్లవారుజామున ఇద్దరూ ఖాళీ రోడ్డు మీద నడుస్తారు. మెడ చుట్టూ వెంట్రుకలు మళ్లీ రాలేదు, అందుకే ఇప్పటికీ హార్నెసే.

ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు ఆ ఫోనాయనకి సమాధానం చెబుదామనుకున్నాను, నా ప్రశ్నలన్నీ అవసరమేనని. ఇక్కడికొచ్చేసరికి అలా అనిపించట్లేదు. పార్వో, వీసా, ఓనరు సంతకం ఉండాల్సిందే. కానీ పెళ్లయిందా, సొంతిల్లా, జీతమెంత అని పెళ్లిచూపుల్లో అడిగినట్టు అడిగేవాటికీ కుక్క సుఖానికీ సంబంధం తక్కువ. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క పగటిపూట చాలాసేపు పడుకునే ఉంటుంది. పొద్దున బాగా నడిపిస్తే ఐదారు గంటలు ఒంటరిగా ఉండగలదు. రెండు నెలల పిల్ల మాత్రం మూడు గంటలు కూడా ఉచ్చ ఆపుకోలేదు, దానికి ఇంట్లో మనిషుండాలి. కుక్కని బట్టి ఇల్లు. అన్నిటికీ ఒకే ఫారం కాదు. ఏ లోపమూ లేని ఇంటి కోసం ఆగుతూ పోతే పిల్లలు ఐదో నెలలో పడతాయి, అడిగేవాళ్లు తగ్గిపోతారు, దత్తత కుదిరేదాకా ఉంచుకునే ఫోస్టర్ ఇంట్లో చోటు ఖాళీ అవదు, అట్టపెట్టెలోది అక్కడే ఉండిపోతుంది.

2025 ఆగస్టులో జలగం వెంగళరావు పార్కులో జీహెచ్‌ఎంసీ వాళ్లు దేశీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టినప్పుడు కూడా మాకందరికీ ఇదే చర్చ, అక్కడికక్కడ ఇచ్చేయొచ్చా అని. ముచ్చటపడి తీసుకెళ్లడం తప్పేం కాదు. తీసుకెళ్లాక వారానికి ఒకసారి ఎవరైనా ఫోన్ చేస్తున్నారా అన్నదే చూడాలి. అదే నెల 22న సుప్రీంకోర్టు కూడా దత్తత తీసుకున్న వీధికుక్క మళ్లీ వీధిన పడకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్లదేనని చెప్పింది. మా దత్తత కాగితంలో మొదటి వాక్యం ఎప్పటినుంచో అదే: కుదరకపోతే నా గుమ్మంలోకే తిరిగి రావాలి, ఏ అర్ధరాత్రైనా సరే.

కాపలా అన్న మాట మీద కూడా కోపం తగ్గింది. పల్లెల్లో అరుగు మీద పడుకుని, పిల్లలతో పాటు తిరిగి, కొత్త మనిషొస్తే లేచి మొరిగే కుక్కలు బంగారంలా బతుకుతాయి. కట్టేసిన కుక్క కాపలా కాయదు, వచ్చేపోయే ప్రతిదాన్నీ చూసి గొంతు పోయేలా మొరుగుతుంది, కొన్నాళ్లకి దగ్గరికొచ్చినవాళ్లని కరుస్తుంది. కాబట్టి అడగాల్సింది కుక్క ఎందుకు కావాలని కాదు. రాత్రి అది ఎక్కడ పడుకుంటుంది? పొద్దున తాడు ఎవరు పట్టుకుంటారు? సంక్రాంతికి అందరూ ఊరెళ్తే ఎవరి దగ్గర ఉంటుంది? ఈ మూడింటికి తడుముకోకుండా జవాబిచ్చిన ఇల్లు బాగానే ఉంటుంది. ఆయనకి రేపు నేనే చేసి అడుగుతాను, కాటుక కోసం కాదు గానీ, వచ్చే కుక్కపిల్లల బ్యాచ్ కోసం.

కాటుకకి కావాల్సిన ఇల్లు వేరు. కర్ర పట్టుకున్న మగవాళ్లంటే బెదురుతుంది, చిన్నపిల్లలు పరిగెడితే మూలకి పోతుంది. పెద్దవాళ్లిద్దరే ఉన్న ఇల్లు, లేదా నెమ్మదిగా మాట్లాడే ఒక్క మనిషి ఉన్న ఇల్లు చాలు. ఫ్లాటైనా పర్లేదు, రెండో కుక్క ఉన్నా పర్లేదు, పిల్లి మాత్రం వద్దు. 16 కిలోలు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్, అన్నం, గుమ్మడికాయ రెండు పూటలా. తిండి మారిస్తే వారం పట్టేలా, మొదట పాతది ముప్పాతిక, కొత్తది పాతిక. మొదటి మూడు రోజులు తినకపోవచ్చు, మంచం కింద నుంచి రాకపోవచ్చు, లాగొద్దు. మొదటి వారం స్నానం వద్దు, చుట్టాల్ని పిలవొద్దు, బయటి తలుపు తీసే ముందు గది తలుపు వేయాలి. కుక్కలు ఎక్కువగా తప్పిపోయేది ఆ రోజుల్లోనే. దాని దుప్పటి ఉతక్కుండా పంపుతాను, టీకాల పుస్తకం, ఆపరేషన్ కాగితం, వారానికి సరిపడా తిండి కూడా. ఇల్లు చూడ్డానికి ఆదివారాలు నేనే వస్తాను. ఉదయం 10 దాటాక ఫోన్ చేయండి.