మన పదిన్నర, అక్కడ తొమ్మిది

ఒమన్‌లోని దుక్మ్‌లో ఎలక్ట్రీషియన్‌గా ఆరేళ్ళ నుంచి చేస్తున్నాను. రెండేళ్ళకోసారి సెలవు. ఈసారి డిసెంబర్‌లో దొరికింది. మాది సిరొంచ, మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా కొసన, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు.

క్యాంపు లైట్లు దాటి కొంచెం దూరం నడిస్తే ఎడారి ఆకాశం నిండా చుక్కలే. నైట్ డ్యూటీల్లో వాటిని చూస్తూ, ఫోన్‌లో చదువుతూ నేర్చుకున్నదే నా ఖగోళం. ఊళ్ళో రాత్రి తొమ్మిదికి బాపును డాబా మీదికి తీసుకెళ్ళి, దక్షిణాన ఒక చోటు చూపించాను. అక్కడ ఎన్‌జీసీ 1291 అనే గెలాక్సీ ఉంది. ఉత్త కంటికి ఆనదు, 3.3 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. అందుకే నాసా వాళ్ళ స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోప్ తీసిన ఫొటో ఫోన్‌లో చూపించాను.

మసూర్ పప్పు గింజలా మధ్యలో ఉబ్బి, అంచున పలచబడే గెలాక్సీలు కొన్ని ఉన్నాయి. సుడి చేతులుండవు. ఖగోళ శాస్త్రవేత్త హబుల్ 1936లోనే వీటికి ఎస్0 అని పేరు పెట్టాడు. ఎన్‌జీసీ 1291 ఇంచుమించు ఆ తరహాదే. దాని నడుమ ఒక కడ్డీ ఉంది, అదీ నక్షత్రాలదే. అది తిరుగుతూ చుట్టూ ఉన్న వాయువును కొంత లోపలికి లాగుతుంది, కొంత బయటికి నెడుతుంది. లోపలికి చేరింది ఎప్పుడో నక్షత్రాలై అయిపోయింది. బయటిది, కడ్డీ తిరుగుడుతో లయ కుదిరిన చోట వలయంలా పేరుకుంది. ఫొటోలో ఎర్రగా వెలుగుతున్నది అదే. కొత్త నక్షత్రాలు పుట్టేది ఇప్పుడు అక్కడే.

"నడుమల అన్నీ ముసలియేనా?" అన్నాడు బాపు.

"అన్నీ ముసలివే. కొత్తవి పుట్టడం దాదాపు ఆగిపోయింది."

"మన వాడ తీరే ఉన్నది కొడుకా."

అంచున ఉన్నవి నడుమ నుంచి వెళ్ళినవి కావు, అక్కడే పుట్టినవని చెప్పబోయాను. చెప్పలేకపోయాను. మా వాడలో నా ఈడు వాళ్ళు నాగపూర్‌లోనో, హైదరాబాద్‌లోనో, గల్ఫ్‌లోనో ఉన్నారు.

సిరొంచ, దుక్మ్ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. ఆ గెలాక్సీ డాబా మీద ఎంత ఎత్తున ఉంటుందో క్యాంపు మీదా దాదాపు అంతే ఎత్తున ఉంటుంది. ఈ రెండు ఊళ్ళ మధ్య ఉన్నంత మేర భూమి తిరగడానికి గంటన్నర.

"అయితే నేను తొమ్మిదికి ఈడ చూస్తే, నీ దిక్కు ఎప్పుడొస్తది?"

"మన పదిన్నరకు బాపూ. అక్కడ అప్పుడు తొమ్మిది."

"డ్యూటీల ఉంటవా?"

"అప్పుడే ఎక్కుతాను."

బాపు మళ్ళీ దక్షిణం వైపు తిరిగి, వేలితో ఆ చోటు తనే వెతుక్కున్నాడు.