శ్రీకాకుళంలో కొన్న ఫ్రిజ్, పర్లాకిమిడిలో వారంటీ

ఎక్స్‌టెండెడ్ వారంటీ, అంటే కంపెనీ వారంటీ అయిపోయాక కూడా రిపేర్లు చూసుకుంటామని డబ్బు కట్టించుకునే ప్లాన్, తీసుకోవాలా వద్దా అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. ముందు మీ పిన్ కోడ్ చెప్పి చూడండి. ధర, ఎన్నేళ్లు, ఏమేం కవరవుతాయి అన్నవి ఆ తర్వాత. కౌంటర్ దగ్గర నిలబడి, "పర్లాకిమిడి, 761200, ఈ ఊరికి మీ మనిషి వస్తాడా, ఏ సర్వీస్ సెంటర్ నుంచి వస్తాడు, రానుపోను ఖర్చు ఎవరిది" అని అడిగితే అప్పటిదాకా గలగలా మాట్లాడిన సేల్స్ కుర్రాడు "ఒక్క నిమిషం సర్" అని లోపలికి పోతాడు. వాడు లోపల ఎంతసేపు ఉంటాడన్నదాన్ని బట్టే సగం జవాబు తెలిసిపోతుంది.

మా వైపు వస్తువులు కొనుక్కునే తీరు తెలియనివాళ్లకి ఇదంతా అతిగా అనిపించొచ్చు. మాది ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి. పాతపట్నం అంటే మాకు పక్క వీధి లెక్క, అక్కడి నుంచి ఆంధ్ర. పెళ్లిచూపులు, ఆసుపత్రులు, పండగ బట్టలు, పెద్ద షాపుల డిస్కౌంట్లు, అన్నిటికీ టెక్కలి, శ్రీకాకుళం, ఇంకా కావాలంటే విశాఖ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గీత అలా పడింది కానీ మా చుట్టరికాలు ఆ గీతని ఎప్పుడూ పట్టించుకోలేదు. కాల్ సెంటర్ల కంప్యూటర్లు మాత్రం తెగ పట్టించుకుంటాయి. ఫిర్యాదు పెడితే శ్రీకాకుళం సెంటర్ వాళ్లు "అడ్రస్ ఒడిశాది, మాకు రాదు" అంటారు, బరంపురం సెంటర్ వాళ్లు "బిల్లు ఆంధ్రాది, అక్కడే అడగండి" అంటారు. ఈలోపు ఫ్రిజ్‌లో పాలు విరిగిపోతాయి.

ఇంకో తలనొప్పి బిల్లు మీద పేరు. ఈఎంఐ కార్డు ఉంది కదా అని బావమరిది పేరు మీద, నరసన్నపేట అడ్రస్‌తో కొనేస్తారు. వస్తువేమో మన ఇంట్లో ఉంటుంది, వారంటీ సర్టిఫికెట్ ఆయన పేరు మీద, ఓటీపీ ఆయన ఫోన్‌కి. ఆయన డ్యూటీలో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. కొన్న రోజే షాపువాళ్లతో వస్తువు ఉండే అడ్రస్, మన ఫోన్ నంబర్ ప్లాన్‌లో మార్పించుకుంటే ఈ గొడవ ఉండదు. ఆరు నెలలు పోయాక మార్చమంటే ఎవరూ మార్చరు.

సరే, ప్లాన్ల సంగతి. షాపులో అన్నిటినీ ఒకటే మాటతో "వారంటీ" అంటారు కానీ అందులో మూడు రకాలు ఉంటాయి. ఒకటి వస్తువు తయారుచేసిన కంపెనీదే. రెండోది షాపుదో, షాపు తరఫున ఇంకెవరో నడిపేదో. మూడోది వెనకాల ఇన్సూరెన్స్ కంపెనీ ఉండేది. సర్టిఫికెట్ కింద చిన్న అక్షరాల్లో ఎవరి పేరుందో చూడండి, రేపు గొడవొస్తే మీరు అడగాల్సింది వాళ్లని, నవ్వుతూ అమ్మినవాణ్ని కాదు. నా మటుకు నేను ఫ్రిజ్, ఏసీ లాంటివాటికి కంపెనీ ప్లాన్ కాస్త ఎక్కువైనా అదే తీసుకోమంటాను. విడిభాగాలు వాళ్ల దగ్గరే ఉంటాయి, "అసలైన పార్టు దొరకట్లేదు" అనే సాకు తక్కువ. టీవీకి కూడా, ప్యానెల్, అంటే తెర, స్పష్టంగా కవరైతేనే. ప్యానెల్ పోతే చాలాసార్లు ఆ రిపేరు డబ్బుకి ఇంకొంచెం వేసి కొత్త టీవీయే కొనొచ్చు, అలాంటప్పుడు ప్యానెల్ లేని టీవీ ప్లాన్ దేనికో నాకు అర్థం కాదు. మిక్సీలకి, ఫ్యాన్లకి, ఇస్త్రీ పెట్టెలకి ప్లాన్ తీసుకోవడం శుద్ధ దండగ.

కాగితంలో నేను వెతికేవి కొన్నే. మొదలయ్యే తేదీ. "రెండేళ్ల ప్లాన్" కొన్న రోజు నుంచా, కంపెనీ వారంటీ ఏడాది అయ్యాకా? కొన్న రోజు నుంచే అయితే మీరు రెండేళ్లకి డబ్బు కట్టి ఒక ఏడాదే కొనుక్కున్నట్టు. ఆ తర్వాత మొత్తం మీద ఎంత డబ్బు వరకు రిపేరు చేస్తారు, ఎన్నిసార్లు చేస్తారు, బాగుచేయలేకపోతే కొత్తదిస్తారా, లేక తరుగు తీసేసి మిగిలినదానికి వోచర్ చేతిలో పెడతారా. ఈ తరుగు దగ్గరే చాలామంది దెబ్బ తింటారు, మూడో ఏట వస్తువు విలువ సగానికి పడిపోయినట్టు పట్టిక వేసి ఉంటుంది, దాన్ని ఎవరూ చదివి వినిపించరు. ఇక ఫ్రిజ్ తలుపు మీద మెరిసే స్టిక్కర్, "10 ఏళ్ల వారంటీ" అని. అది కంప్రెసర్‌కి మాత్రమే. గ్యాస్, లేబర్, సర్క్యూట్ బోర్డు, రబ్బరు గాస్కెట్ అందులో ఉండవు. మా వీధిలో ఒకాయన కంప్రెసర్ ఉచితంగా మార్పించుకుని, గ్యాస్‌కీ కూలీకీ కలిపి వేలల్లో కట్టి, ఇప్పటికీ ఆ స్టిక్కర్‌ని తిడుతుంటాడు.

మినహాయింపుల్లో ఎలుకలు, చీమలు, తుప్పు, పిడుగు, వరద, వ్యాపారానికి వాడటం, బయటి మెకానిక్ చేత విప్పించడం దాదాపు ప్రతిదాంట్లోనూ ఉంటాయి. మా వైపు అన్నిటికన్నా ఎక్కువ వాడే అస్త్రం మాత్రం ఓల్టేజ్. కరెంటు హెచ్చుతగ్గుల వల్ల పోయింది, కవర్ కాదు. ఎండాకాలం సాయంత్రాలు లో ఓల్టేజ్ మామూలే కాబట్టి మనం కూడా "అవును కాబోలు" అని నమ్మేస్తాం.

మా పిన్ని ఇన్వర్టర్ ఫ్రిజ్‌కి సరిగ్గా ఇదే జరిగింది. కంపెనీ వారంటీ అయిపోయి ప్లాన్ నడుస్తోంది. లైటు వెలుగుతోంది, చల్లదనం లేదు. ఎన్నో ఫోన్ల తర్వాత టెక్నీషియన్ వచ్చి, విజిట్ ఛార్జీ 500 తీసుకుని, వెనక మూత విప్పీ విప్పకుండానే జాబ్ షీట్, అంటే చేసిన పని రాసే కాగితం మీద "ఓల్టేజ్ ఫ్లక్చువేషన్, నాట్ కవర్డ్" అని గీకి సంతకం పెట్టమన్నాడు. పిన్ని నాకు ఫోన్ చేసి, "ఏటిరా బాబూ ఇది, డబ్బులు కట్టించుకున్నప్పుడు ఓల్టేజీ సంగతి ఒక్కడూ చెప్పలేదు, ఇప్పుడేమో కరెంటు ఆఫీసుకెళ్లి అడగమంటున్నాడు" అని ఒకటే గోల. ఇంగ్లీషు కాగితాలు చదివిపెట్టేది ఇంట్లో నేనే కాబట్టి వెళ్లాను.

జాబ్ షీట్ మీద సంతకం పెట్టకపోతే వాళ్లు "కస్టమర్ సహకరించలేదు" అని కేసు మూసేస్తారు, ఊరికే పెడితే మనం ఒప్పుకున్నట్టు. అందుకని సంతకం పక్కనే "చెప్పిన కారణంతో ఏకీభవించడం లేదు, మూత విప్పి పరీక్షించలేదు" అని పిన్ని చేత రాయించి, ఫొటో తీసుకున్నాను. తెలుగులోనే రాసింది, ఏం ఫరవాలేదు. తర్వాత ఆ కుర్రాణ్ని టీ ఇచ్చి కూర్చోబెట్టి, బోర్డు ఒక్కసారి చూపించు తమ్ముడూ అన్నాను. మంచివాడే పాపం, పైనుంచి చెప్పిందే రాస్తున్నాడు.

బోర్డు మీద కరెంటు లోపలికొచ్చే చోట ఒక ఫ్యూజు, దాని పక్కనే చిన్న నీలం బిళ్ల ఉంటుంది, వేరిస్టర్ అంటారు. ఓల్టేజ్ ఒక్కసారిగా బాగా ఎగిస్తే సాధారణంగా ముందు బలయ్యేది ఆ బిళ్లే. పగులుతుంది, నల్లబడుతుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది. పిన్ని ఫ్రిజ్ బోర్డు మీద రెండూ నిగనిగలాడుతున్నాయి. కంప్రెసర్‌కి వైరు వెళ్లే కనెక్టర్ దగ్గర మాత్రం సోల్డర్ చుట్టూ గోధుమరంగు మచ్చ, లోపల వెంట్రుకవాసి పగులు. మొబైల్ టార్చ్ వేసి దగ్గరగా ఫొటోలు తీశాను. ఇది రుజువా అంటే పూర్తి రుజువు కాదు, ల్యాబ్‌లో తేలాలి. కానీ మూత విప్పకుండా రాసిన ఒక్క వాక్యం కన్నా నయం.

ఫ్రిజ్ తలుపు మీదే ఇంకో స్టిక్కర్ ఉంది, "స్టెబిలైజర్ అవసరం లేదు" అని, 100 నుంచి 300 ఓల్టుల దాకా నడుస్తుందని. దాన్నీ ఫొటో తీశాను. అమ్మేటప్పుడు స్టెబిలైజర్ అక్కర్లేదని చెప్పి, క్లెయిమ్ వచ్చేసరికి ఓల్టేజ్ వల్ల పోయిందంటే, ఆ హద్దులు దాటిందని వాళ్లే చూపించాలి కదా. అదే లైను మీద ఉన్న పక్కింటి టీవీ, మోటారు ఏమీ కాలిపోలేదని వాళ్ల చేత రెండు ముక్కలు రాయించుకున్నాను. డిజిటల్ మీటర్ డిస్‌ప్లేలో ఓల్టేజ్ కూడా వస్తుంది, బటన్ నొక్కుతూ పోతే కనిపిస్తుంది. అదీ ఒకసారి ఫొటో.

తర్వాత కంపెనీకి మెయిల్. ఆవేశం, శాపనార్థాలు అక్కర్లేదు. ఏ క్లాజ్ కింద తిరస్కరించారో నంబర్ చెప్పండి, ఓల్టేజ్ ఎంతకి చేరిందని ఏ పరికరంతో కొలిచారు, టెక్నీషియన్ రిపోర్టు కాపీ పంపండి, కొన్నప్పుడు ఈ షరతులు మాకు ఇచ్చినట్టు రుజువు చూపండి. ఇంతే. ఫోన్లో "రిజెక్ట్ అయింది మేడమ్" అన్నదాన్ని నేను తిరస్కరణగా లెక్కపెట్టను, రాతలో రానంతవరకు అది గాలి మాటే. షరతుల గురించి 2019లో భారత్ వాచ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది, కొన్నవాడికి ఇవ్వని మినహాయింపుల్ని అడ్డం పెట్టుకోవడం కుదరదని. అది ఇన్సూరెన్స్ కేసు, వారంటీ ప్లాన్‌కి నేరుగా అతికించలేం, అయినా ఉత్తరంలో ఆ పేరు కనిపిస్తే చదివేవాడు కొంచెం నిటారుగా కూర్చుంటాడు.

జవాబుగా వచ్చింది "గుడ్‌విల్ కింద సగం ఖర్చు మేం భరిస్తాం" అని. చాలామంది ఇక్కడే ఒప్పేసుకుంటారు, నేనూ తప్పనను, ఎండాకాలంలో ఫ్రిజ్ లేకుండా ఎన్నాళ్లుంటాం. పిన్ని మాత్రం మొండిది. "సగం దేనికి, పూర్తి డబ్బు కట్టాను కదా" అంది. దాంతో 1915కి వెళ్లాం. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు, డాకెట్ నంబర్, అంటే ఫిర్యాదు నంబర్ ఇస్తారు. వాళ్లకి కంపెనీని ఆదేశించే అధికారం లేదు, ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు రాబడతారు, అంతవరకే. కానీ ఆ దారిలో వెళ్లిన ఫిర్యాదు కాల్ సెంటర్ దగ్గర ఆగదు, పై ఆఫీసులో ఎవరో ఒకరి టేబుల్ మీద పడుతుంది. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకైతే 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఆ పేరు సైట్ అడుగున ఎక్కడో ఉంటుంది, వెతకండి. ప్లాన్ వెనకాల ఇన్సూరెన్స్ కంపెనీ ఉంటే దారి వేరు, ముందు ఆ కంపెనీకి రాసి నెల ఆగి, తర్వాత ఇన్సూరెన్స్ గొడవలు తేల్చే భువనేశ్వర్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి.

మనలాంటి సరిహద్దు వాళ్లకి అన్నిటికన్నా పనికొచ్చేది మాత్రం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. 2020 జులై 20న ఇది అమల్లోకి వచ్చింది. పాత 1986 చట్టంలో అవతలివాడి ఆఫీసో బ్రాంచో ఉన్న చోట, లేకపోతే లావాదేవీ జరిగిన చోట కేసు వేయాల్సి వచ్చేది, అంటే శ్రీకాకుళంలో కొంటే శ్రీకాకుళం తిరగాలి. ఇప్పుడు మీరు నివసించే చోటే వేయొచ్చు. బిల్లు ఏ రాష్ట్రానిదైనా సరే, పర్లాకిమిడి మనిషి పర్లాకిమిడిలోని గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, రాయగడ మనిషి రాయగడలోనే. "బిల్లు ఆంధ్రాది" అనే మాటకి ఇదీ జవాబు, దీన్ని మెయిల్లో ఒక వాక్యంగా పెట్టాను కూడా. వస్తువుకి కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయొచ్చు, వీడియోలో వాదన వినమని కోరొచ్చు. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్ల గడువు. వస్తువుని పరీక్షకి పంపాల్సినవి 5 నెలల్లో, లేనివి 3 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది, ఆచరణలో వాయిదాలు పడతాయి, అది మనకి తెలియనిది కాదు. అందుకే నేను కమిషన్‌ని ఆఖరి మెట్టుగా ఉంచుకుంటాను, అక్కడికి వెళ్లడానికి కాగితాలు సిద్ధంగా ఉన్నాయని అవతలివాడికి తెలిసేలా రాస్తాను.

పిన్ని విషయంలో అక్కడిదాకా పోలేదు. 1915 ఫిర్యాదు వెళ్లాక రీజనల్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, ఈసారి ఎవరో హిందీలో కాకుండా శుభ్రంగా తెలుగులో మాట్లాడారు. వేరే టెక్నీషియన్ కొత్త బోర్డుతో వచ్చాడు, రూపాయి తీసుకోలేదు. పాత బోర్డు పట్టుకుపోతానంటే, పట్టుకెళ్లినట్టు రాసిచ్చి మరీ తీసుకెళ్లమన్నాం. మొదట కట్టిన విజిట్ ఛార్జీ 500 మాత్రం వెనక్కి రాలేదు. ప్లాన్‌లో లేని ఛార్జీ తీసుకున్నారని దానికి వేరే ఫిర్యాదు పెట్టాం, డాకెట్ నంబర్ వచ్చింది, జవాబు ఇంకా రాలేదు.