మా అమ్మాయి, పక్కింటి స్టింగ్ రే

“అమ్మా, ఈ కారును కూడా వలస వచ్చినవాళ్ల కథ చేసేయకు. అందంగా ఉంది కాబట్టి నాకిష్టం. అంతే.”

పదహారేళ్ల మా అమ్మాయి అన్నం తింటూ ఈ మాట అని, కంచం తీసుకుని లేచి వెళ్లిపోయింది. కోపంగా అని ఉంటే ఎలాగో సర్దిచెప్పేదాన్ని. విసిగి అలసిపోయినట్టు అంది. దానికి ఏం జవాబు చెప్పాలో తోచక ఇది రాస్తున్నాను.

ఆ కారు పక్కింటి పెద్దాయనది. 1963 నాటి షెవర్లే కార్వెట్ స్టింగ్ రే కూపే, అంటే కదలని కప్పున్న అమెరికన్ స్పోర్ట్స్ కారు. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లలో చాలామందికి కార్ల పరిశ్రమే అన్నం పెడుతోంది. నేనూ బ్రేకుల మీద పనిచేసే ఇంజనీరునే. అయినా మా ఇళ్లలో కారు మాట వస్తే మైలేజీ ఎంత, మళ్లీ అమ్మితే ఎంత వస్తుంది అనే దగ్గరే ఆగిపోతాం. ఇద్దరే పట్టే కారు, వెనక డిక్కీ తలుపు కూడా లేక సామాను సీట్ల వెనక నుంచి తోయాల్సిన కారు, మా పిల్ల మనసును ఇంతగా పట్టుకుంటుందని నేను ఊహించలేదు.

దగ్గరికి వెళ్లి చూశాక నాకూ అర్థమైంది. అంతకుముందు వచ్చిన కార్వెట్లన్నీ కప్పు తీసేసుకునే రకాలు. కదలని కప్పుతో కూపే రావడం 1963లోనే మొదలు. అవసరం లేనప్పుడు హెడ్‌లైట్లు తిరగబడి ముందుభాగంలోకి దాక్కుంటాయి. తలుపుల పై అంచులు కప్పులోకి వంగి ఉంటాయి. కప్పు నడిమి నుంచి సాగిన ఒక వెన్నుగీత వెనక అద్దాన్ని రెండు ముక్కలు చేస్తుంది. ఒళ్లంతా ఫైబర్‌గ్లాస్, దానికి తుప్పు పట్టదు. కింద ఉన్న ఉక్కు ఫ్రేముకు మాత్రం మిషిగన్ రోడ్ల మీద చల్లే ఉప్పు శత్రువు. అందుకే చలికాలమంతా అది గ్యారేజీ దాటదు. ఇవన్నీ నాకు చెప్పింది మా అమ్మాయే. శనివారం వస్తే ఆ పెద్దాయన పక్కన నిలబడి పానాలు అందిస్తూ, ఏ గొట్టం ఎక్కడికి పోతుందో నేర్చుకుంటుంది. నా ఉద్యోగంలో బ్రేకు అంటే సగం సాఫ్ట్‌వేరు, విప్పి చూపించడానికి ఏమీ ఉండదు. ఆ పాత ఇంజనులో ప్రతి భాగమూ తన పనేమిటో కళ్లకు చూపిస్తుంది. 60 ఏళ్లు దాటినా దాని మీద మోజు తగ్గకపోవడానికి అందం ఒక్కటే కారణం కాదని నా నమ్మకం.

రెండు ముక్కల వెనక అద్దం మీద మా ఇద్దరికీ పెద్ద వాదన జరిగింది. వెనక వచ్చే బండి సరిగ్గా కనబడకపోతే ఆ అందం ఎందుకు అన్నాను. ఇదే వాదన కారు పుట్టకముందే కంపెనీలో జరిగింది. డిజైన్ విభాగం అధిపతి బిల్ మిచెల్ ఆ వెన్నుగీత ఉండి తీరాలన్నారు. ఇంజనీరు జోరా అర్కస్-డంటోవ్ వెనక దారి కనబడదని అడ్డుచెప్పారు. 1963లో మిచెల్ మాట నెగ్గింది, 1964లో అద్దం ఒకే ముక్కగా వచ్చింది. ఆ ఒక్క ఏడాది తయారైన 10,594 కూపేల కోసమే ఇప్పుడు అభిమానులు వెతుక్కుంటారు. మా అమ్మాయి మిచెల్ పక్షం. నేను డంటోవ్ పక్షం, ఇప్పటికీ.

డంటోవ్ గురించి చదివాక నన్ను నేను ఆపుకోలేకపోయాను. ఆయన 1909లో బ్రసెల్స్‌లో రష్యన్ యూదు దంపతులకు పుట్టారు. పేరులో కన్నతండ్రి ఇంటిపేరునూ, తర్వాత తల్లి జీవితంలోకి వచ్చిన వ్యక్తి ఇంటిపేరునూ కలిపి పెట్టుకున్నారు. బెర్లిన్‌లో చదివి, నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరారు. 1953 జనవరిలో న్యూయార్క్ ప్రదర్శనలో మొదటి కార్వెట్‌ను చూసి, రూపం అద్భుతం, లోపలి యంత్రం దానికి తగినట్టు లేదు అనుకున్నారు. అప్పుడు అందులో ఉన్నది 150 హార్స్‌పవర్ ఆరు సిలిండర్ల ఇంజను, రెండు గేర్ల ఆటోమేటిక్. కంపెనీకి ఉత్తరం రాసి, అదే ఏడాది అందులో చేరారు. పదేళ్లకు స్టింగ్ రే వచ్చేసరికి వెనక చక్రాలు దేనికది విడిగా కదిలే ఏర్పాటు ఉంది, 5.4 లీటర్ల ఇంజను గరిష్ఠంగా 360 హార్స్‌పవర్ ఇచ్చేది.

దాని రూపాన్ని తీర్చినవారిలో ముఖ్యుడు లారీ షినోడా. లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన ఆయన, జపాన్ సంతతి అన్న ఒకే కారణంతో రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వం పెట్టిన మంజనార్ నిర్బంధ శిబిరంలో బాల్యంలో కొంతకాలం గడిపారు.

అమెరికా తన సొంతమని మురిసిపోయే కారు వెనక ఈ ఇద్దరు ఉన్నారని తెలిశాక ఒక తల్లి ఎలా ఊరుకుంటుంది? ‘చూశావా, ఇది నీది కూడా’ అన్నాను. అప్పుడే మొదట రాసిన ఆ మాట వచ్చింది.

నేను చెప్పింది నిజమే, ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. కానీ తనకు ఆ కారు ముందే తనది. హక్కు నిరూపించుకోవాలన్న ఆలోచనే తనకు రాలేదు. ఈ దేశంలో దేన్నయినా ముట్టుకోబోయే ముందు నాకు ఎవరో ఒకరి అనుమతి కావాలనిపిస్తుంది. డంటోవ్‌లో నేను వెతుక్కున్నది ఆ అనుమతేనేమో. పిల్లకు అవసరం లేని ఊతకర్రను చేతికి ఇవ్వడం ప్రేమా? రేపు ఎవరైనా ‘నువ్వు అసలు ఎక్కడి నుంచి’ అని అడిగితే షినోడా కథ తనకు అండగా ఉండదా? రెండు ప్రశ్నలకూ నా దగ్గర గట్టి జవాబుల్లేవు.

తోటి తల్లిదండ్రులకు ఒక సలహా మాత్రం ధైర్యంగా ఇవ్వగలను. పిల్లలు పాత కార్లంటే ఇష్టపడితే అడ్డుపడకండి, భద్రత సంగతి మాత్రం మీరే చూసుకోండి. 1963 స్టింగ్ రేకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, డిస్కులు 1965లో వచ్చాయి. భుజం మీదుగా వచ్చే బెల్టు లేదు, ఎయిర్‌బ్యాగు లేదు. అందుకే మా వీధుల్లో తప్ప హైవే మీద అందులో ఎక్కవద్దని గట్టిగా చెప్పాను. గుంటూరులో నాన్న స్కూటరు ముందు నిలబడి గాలికి కళ్లు మూసుకుని ఊరంతా తిరిగిన సంగతి నేనే ఎన్నోసార్లు మురిసిపోతూ చెప్పానని తను గుర్తుచేసింది. రెండూ నిజమే. నిషేధం అలాగే ఉంది.

శనివారం తెలుగు తరగతి అయ్యాకే గ్యారేజీ అన్న నియమమూ నాదే. దాన్నీ సడలించలేదు. అయితే ఈ మధ్య ఒక భయం పట్టుకుంది. ఇష్టమైన చోటికి వెళ్లే దారిలో చెల్లించక తప్పని టోలులా తెలుగు తనకు కనబడుతోందేమో. నియమం తీసేస్తే తరగతికి వెళ్తుందా? వెళ్లదని నా అనుమానం. ఉంచితే ఏం మిగులుతుందో తెలియదు.

కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌లో ఉన్న కార్వెట్ మ్యూజియానికి వెళ్దామని ఇద్దరం అనుకుంటున్నాం. 2014 ఫిబ్రవరిలో అక్కడ నేల కుంగి ఎనిమిది కార్వెట్లు గోతిలో పడ్డాయి. వాటిని చూడాలని తనకు ఆశ. 1996లో చనిపోయిన డంటోవ్ అస్థికలు అక్కడే ఉన్నాయి. ఇంజను సీట్ల వెనక ఉండాలని ఆయన దశాబ్దాల పాటు పోరాడారు. ఆయన పోయాక ఎంతో కాలానికి 2020 మోడల్‌లో అది నెరవేరింది. క్లచ్ పెడల్ లేని ఆ కొత్త కారంటే మా అమ్మాయికి ఏమాత్రం ఆసక్తి లేదు. నేను మాత్రం ఆయనకు దణ్ణం పెట్టుకుని రావాలనుకుంటున్నాను. అక్కడ తనకు ఏ కథా చెప్పనని ముందే మాట ఇస్తేనే బయల్దేరదామంటోంది. ఇంకా ఇవ్వలేదు.